యాభై శాతం భయంతో ఎక్కాల్సిన రైలు

ఏమేం పోయాయో ముందే చెప్పేస్తాను. తర్వాత దాచాడని ఎవరూ అనకూడదు.

ఒక్క ఆదివారం మధ్యాహ్నం నా తెలివి వల్ల పోయినవి ఇవి. నా ఎడమకాలి చెప్పు. కుడికాలిది ఇప్పటికీ ఇంట్లో ఉంది, పారేయడానికి చేతులు రావడం లేదు. కిలో మైసూర్‌పాక్, డబ్బాతో సహా. వరంగల్ స్టేషన్లో ఎవరి మెడకూ చేరక చివరికి ఒక మేక నోటికి చేరిన బంతిపూల దండ. టీసీ గారికి కట్టిన జరిమానా. మా కొమురయ్య ఇంట్లో నాకున్న మంచి పేరు. అన్నిటికన్నా కింద, పెద్ద అక్షరాల్లో: ఒక తండ్రికి రావలసిన పావుగంట.

చెప్పు కొనుక్కోవచ్చు. మైసూర్‌పాక్ హన్మకొండ చౌరస్తాలో ఎప్పుడైనా దొరుకుతుంది. ఆ పావుగంట మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు. వెతికాను కాబట్టి చెబుతున్నాను. మీరు నవ్వుకోండి, ఫర్వాలేదు. సగం దాకా నేనూ నవ్వుతూనే చెబుతాను.

నేను వరంగల్ మిర్చి మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో, అంటే రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే చోట, లెక్కలు రాస్తాను. పదో తరగతిలో ఇంగ్లీషు తప్పాక బడి నన్ను వదిలేసింది. లెక్కలు వదల్లేదు. తరుగు, హమాలీ, వడ్డీ, అన్నీ ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నాను. పిల్లలు మిషను మీద వేళ్లు ఆడించేలోపు నేను నోటితో చెప్పేస్తాను. మార్కెట్లో నన్ను లెక్కల వీరేశం అంటారు. ఇలాంటి మనిషికి తనకన్నీ తెలుసనే జబ్బు రావడానికి పెద్దగా సమయం పట్టదు.

అయితే ముందు వేరే జబ్బు వచ్చింది. తాళం జబ్బు. దుకాణానికి తాళం వేసి ఇంటికి బయలుదేరతాను. సందు మలుపు దాటగానే "వేశానా?" అని అనుమానం. వెనక్కి వస్తాను, గుంజి చూస్తాను, వెళ్తాను, మళ్లీ వస్తాను. ఆ తాళాన్ని నేను గుంజినంతగా దొంగలు కూడా ఎప్పుడూ గుంజలేదు. కాపలాకుక్క మొదట మొరిగేది, తర్వాత నన్ను చూసి జాలిపడి పక్కకు తిరిగి పడుకునేది. చివరికి మా ఆవిడ సుజాత నన్ను హన్మకొండలో ఒక కౌన్సెలింగ్ మేడం దగ్గరికి పంపింది. "దవాఖాన అనుకుంటే దవాఖాన, బడి అనుకుంటే బడి. ఎట్లనన్న గానీ, అన్నం చల్లారకముందే ఇంటికి రా," అంది.

మేడం మా అమ్మాయి వయసు మనిషి. ఒక కాగితం ఇచ్చింది. దానిలో గళ్లు. ఏం జరిగింది, ఏ ఆలోచన వచ్చింది, ఎంత భయం వేసింది, ఆ ఆలోచన నిజమనడానికి రుజువేమిటి, కాదనడానికి రుజువేమిటి, ఇప్పుడు భయం ఎంత. భయాన్ని నూటికి ఇంత అని వేయాలి.

"అనిపించినవన్నీ నిజాలు కావు వీరేశం గారూ," అంది మేడం. "తాళం వెయ్యలేదు అనేది మీకు వచ్చిన ఆలోచన. దాన్ని పట్టుకొచ్చి రుజువు అడగాలె. ఇంకోటి, భయమైనప్పుడు ఎనకకు ఉరికితే, ఉరికినందుకే బతికినం అనుకుంటది మనసు. ఉరకకుండ జరసేపు ఆగితే అదే తగ్గుతది."

నాకు ఒళ్లు పులకరించింది. ఇది వైద్యం కాదు, పద్దు! అటు జమ, ఇటు ఖర్చు, అడుగున నిలవ! ఇన్నాళ్లూ మనసు అంటే ఏదో పొగలాంటిదనుకున్నాను. తీరా చూస్తే మా అడ్తి దుకాణమే. నాలుగు వారాల్లో నా భయం తొంభై నుంచి ఇరవైకి దిగింది. అన్నం వేడిగా తింటున్నాను.

చివరి రోజు మేడం ఒక మాట చెప్పింది. "ఇది మీరు మీ కోసం నేర్చుకున్నరు. వేరేవాళ్ల మీద చెయ్యకండి. అది చదువుకున్నోళ్లు చేసే పని."

మొదటి వాక్యం విన్నాను. రెండోది కూడా విన్నాను, అబద్ధం ఎందుకు? కానీ చదువుకున్నవాళ్లు అనే మాట దగ్గర లోపల ఏదో చురుక్కుమంది. లెక్కల్లో నాకు చదువుకున్నవాళ్లు చెప్పాలా?

ఇప్పుడు కొమురయ్య గురించి. మా మార్కెట్లో కాంటా వేసే మనిషి, నాకన్నా రెండేళ్లు చిన్న, పాతికేళ్ల స్నేహం. బస్తాను చూపుతోనే తూచగలడు. అలాంటివాడికి రైలంటే భయం. పదేళ్ల కింద హైదరాబాదు నుంచి వస్తుంటే జనరల్ బోగీలో తలుపు దగ్గర జనం మధ్య ఇరుక్కుని, ఊపిరాడక, కళ్లు తిరిగి పడిపోయాడు. అప్పటినుంచి రైలు ఎక్కలేదు.

దేవుడికి హాస్యం ఎక్కువ. ఈయన కూతురు మౌనికకు రైల్వేలోనే ఉద్యోగం వచ్చింది. అదీ ఇంజనులో, డ్రైవరు పక్కన అసిస్టెంటుగా. ఇన్నాళ్లూ గూడ్సు బండ్ల మీద పని చేసింది. ఇప్పుడు మొదటిసారి ప్యాసింజరు బండి మీద వేశారు. వచ్చే ఆదివారం సాయంత్రం ఆరింటికి కాజీపేటలో బయలుదేరుతుంది.

"ఇన్నొద్దులు బొగ్గు బండ్లల్ల నిన్ను ఎక్కించరాకపాయె నాయినా," అన్నదట మౌనిక. "గిది మనుషుల బండి. కాజీపేటల ఎక్కు, వరంగల్‌ల దిగు. పావుగంట. నా మొదటి బండిల నువ్వుంటె నాకు చాలు."

కొమురయ్య ఈ మాట చాయ్ దుకాణంలో నాకు చెబుతూ చాయ్ తాగడమే మరిచిపోయాడు.

"ఎక్కుతా అన్న అన్నా. అననైతే అన్న. గని తలుసుకుంటేనే గుండె దడదడ కొట్టుకుంటాంది."

"ఎంత శాతం?" అన్నాను.

"ఏంది?"

"భయం. నూటికి ఎంత?"

"నలుగుర్ల గట్ల అడుగుతవేందే!" అని చుట్టూ చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాల తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పాడు.

ఇది మార్కెట్లో పాత పద్ధతి. ఇప్పుడు ధరలన్నీ ఫోన్లలోనే పలుకుతున్నాయి గానీ, ఒకప్పుడు బేరగాళ్లు తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి, మూడోవాడికి తెలియకుండా ధర చెప్పుకునేవారు. ఒక వేలు పట్టుకుంటే పది. చేయంతా పట్టుకుంటే యాభై. కొమురయ్య నా చేయంతా పట్టుకున్నాడు, వదిలాడు, మళ్లీ నాలుగు వేళ్లు పట్టుకున్నాడు. తొంభై.

"ఫికర్ చెయ్యకు," అన్నాను, మూడు డిగ్రీలున్న డాక్టరు గొంతుతో. "మెట్లు మెట్లుగా దింపుత."

నిజం చెప్పాలంటే ఆ శనివారం దాకా నేను బాగానే చేశాను. కాజీపేట వంతెన మీద నిలబడి రైళ్లను చూడటం ఒక మెట్టు. ప్లాట్‌ఫారం టికెట్ తీసుకుని బెంచీ మీద కూర్చోవడం ఒక మెట్టు. ఆగి ఉన్న బోగీని గేదెను నిమిరినట్టు నిమరడం ఇంకో మెట్టు. ప్రతి మెట్టు దగ్గరా తువ్వాల కింద లెక్క. ఎనభై, డెబ్భై, అరవై. శనివారం ఖాళీ ప్యాసింజరు బండి ఎక్కి, ఈ తలుపు నుంచి ఆ తలుపుకు నడిచి దిగాడు. దిగి నా చేయంతా ఒక్కసారి పట్టుకున్నాడు.

"యాభై! సాలన్నా. ఇగ రేపు బిడ్డ బండెక్కుత. కండ్లు మూసుకోని, కమ్మి పట్టుకోని, పావుగంట పోత."

పాఠకులారా, కథ ఇక్కడే అయిపోవాలి. ఆయన సిద్ధంగా ఉన్నాడు, ఎక్కుతాననీ అన్నాడు. నేను ఇంటికెళ్లి పప్పన్నం తిని పడుకుంటే అయిపోయేది. కానీ పద్దులో యాభై మిగిలి ఉంటే నాకు నిద్ర పడుతుందా?

"యాభైతోటి ఎక్కుతవా? సగం భయం లోపట పెట్టుకోని? సిగ్గులేదారా?" అన్నాను. "రేపు మూడున్నరకు రా. ఆగి ఉన్న బండిల జనం నడుమ జరసేపు కూసుంటే ముప్పైకి దిగుతది. అప్పుడు బిడ్డ ముంగట నవ్వుకుంట ఎక్కుతవు."

"వద్దే అన్నా. ఆరింటి దాక గిట్లనే ఉండనీ."

"నీకు నా లెక్క మీద నమ్మకం లేదా?"

కొమురయ్య నన్ను చూశాడు. "నూటికి నూరు," అన్నాడు, తువ్వాల కూడా వేయకుండా, అందరికీ వినబడేలా.

ఆదివారం వచ్చాడు. నీలం అంగీ ఇస్త్రీ చేయించాడు. చంకలో మైసూర్‌పాక్ డబ్బా. వరంగల్‌లో దిగాక బిడ్డకూ, డ్రైవరు గారికీ ఇవ్వాలట. ఆయన భార్య సరోజన బంతిపూల దండ పట్టుకుని వాడకట్టు ఆడవాళ్లతో వరంగల్ స్టేషన్లో ఉంటుంది.

కాజీపేట స్టేషన్లో మా ముందు ఉత్తరం వైపు పోయే ఎక్స్‌ప్రెస్ ఆగి ఉంది. అక్కడ పది నిమిషాలు ఆగుతుందని నేను ముందే కనుక్కున్నాను. ఐదు నిమిషాలు కూర్చోవాలి, దిగాలి, ఇంకా ఐదు నిమిషాలు చేతిలో ఉంటాయి. అయితే బండి ఆలస్యంగా వచ్చిందనీ, ఆలస్యంగా వచ్చిన బండి పది నిమిషాలు ఆగదనీ మాత్రం కనుక్కోలేదు.

ఎక్కాం. జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక కిటికీ పక్క కాస్త జాగా దొరికితే కొమురయ్యను కూర్చోబెట్టి ఎదురుగా నిలబడ్డాను. తువ్వాల కింద వేళ్లు. డెబ్భై.

"అన్నా, దిగుదాం పా. ఊపిరాడ్తలేదు."

"వద్దు. భయం ఎక్కువున్నప్పుడు దిగితే, దిగినందుకే బతికినం అనుకుంటది మనసు. తగ్గేదాక దిగొద్దు."

"బండి పోతదేమోనే!"

"గది నిజమా? ఆలోచనా?"

"ఆలోచనే... గని..."

"రుజువేంది?"

పక్కనున్న ముసలాయన పల్లీలు తినడం ఆపి మమ్మల్ని చూశాడు. నేను ఆయనకు చేయి చూపి ఆగమన్నాను. వైద్యం మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు కదా.

"అన్నా, కదిలినట్టు అనిపిస్తాంది."

"అనిపించుడు వేరు, కదులుడు వేరు. ఎంత శాతం అనిపిస్తాంది?"

"తొంభై."

"కండ్లు తెరిచి రుజువు చూసి చెప్పు."

కొమురయ్య కళ్లు తెరిచి కిటికీలోంచి చూశాడు. "చాయ్ అమ్మేటాయన ఎనకకు పోతాండు."

"ఎనకకు నడుస్తాండేమో."

"మొకం మన దిక్కే ఉందన్నా. కాళ్లు కదుల్తలెవ్వు. మనిషే పోతాండు."

పల్లీల ముసలాయనకు ఇక ఓపిక పట్టలేదు. "ఓ సారూ! బండి నడవబట్టి ఎంత సేపాయె! మీకేమన్న తిక్కనా?"

నేను తిరిగి చూశాను. కాజీపేట స్టేషన్ తాపీగా, ఏమీ జరగనట్టు, వెనక్కి పోతోంది.

ఆ తర్వాత నేను చేసింది చెప్పడానికి సిగ్గేస్తోంది. భయపడే మనిషిని సీట్లో వదిలేసి, వైద్యుడు తలుపు వైపు పరుగెత్తాడు. దూకబోయాను. ఎడమకాలి చెప్పు నాకన్నా ముందు దూకింది. వెనుక నుంచి ఎవరో నా కాలరు పట్టి లోపలికి గుంజారు. కొమురయ్య!

"దునుకకు! భయం తగ్గేదాక దిగొద్దని నువ్వే అన్నవ్ గదనే!"

చైను గుంజాలనే ఆలోచన వచ్చింది. తగిన కారణం లేకుండా గుంజితే శిక్ష అని దాని కింద రాసి ఉంది. ఇది తగిన కారణమేనా అని నేను లోపల బేరీజు వేసుకుంటుండగానే ఊరు దాటింది. ఆ బండి రామగుండం దాకా ఆగదు. రామగుండం నుంచి ఆరింటికల్లా తిరిగి రావడం ఏ లెక్కలోనూ కుదరదు. ఆ ఒక్క లెక్క మాత్రం నాకు చిటికెలో తేలింది.

అదే సమయంలో, చూడండి నా మనసు ఎంత గొప్పదో, సుజాత నర్సంపేట పుట్టింటికి పోయిందనీ, ఇంటికి నేనే తాళం వేయాలనీ గుర్తొచ్చింది. వేశానా?

"ఏందన్నా, గట్ల చెమటలు?"

"ఇంటికి తాళం..."

కొమురయ్య తువ్వాల తీసి మా చేతుల మీద కప్పాడు. "ఎంత?"

చేయంతా రెండుసార్లు పట్టుకున్నాను. నూరు.

"రుజువేంది?" అన్నాడు కొమురయ్య. వెక్కిరింత లేదు. నిజంగానే అడిగాడు. నన్ను తన సీట్లో కూర్చోబెట్టి, ఆ గుంపులో తాను కమ్మి పట్టుకుని నిలబడి, నాకు ఊపిరి పీల్చమనీ వదలమనీ చెబుతూ వచ్చాడు. జమ్మికుంట దాటేసరికి ఆయన భయం నలభై, నాది డెబ్భై.

టీసీ వచ్చాడు. "ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు సార్, ట్రీట్‌మెంట్‌ల ఉన్నం," అన్నాను. ఆయన రసీదు పుస్తకం తీశాడు.

మౌనిక ఫోన్ కలవలేదు. డ్యూటీలో ఉంటే ఆపేస్తారు. కొమురయ్య సరోజనకు చేశాడు. ఆమె గొంతు బోగీ మొత్తానికి వినబడింది. "యాడున్నవయ్యా? దండ వాడిపోతాంది!"

నేను చెవులు మూసుకుందామనుకున్నాను. కొమురయ్య నా వైపు ఒకసారి చూసి, కిటికీ వైపు తిరిగి అన్నాడు: "భయమైతాందే సరోజనా. నేను ఎక్క."

ఇక ఇక్కడినుంచి నవ్వు లేదు. ఆయన నన్ను కాపాడాడు. తప్పు తన మీద వేసుకున్నాడు. నేను నోరు తెరిచి "ఫోన్ ఇటియ్యి" అనాలి. నోరు తెరవలేదు. లోపల ఎక్కడో చిన్నగా, దొంగచాటుగా, ఊరట కలిగింది కూడా.

ఫోన్ జేబులో పెట్టుకుని కొమురయ్య మైసూర్‌పాక్ డబ్బా విప్పాడు. పల్లీల ముసలాయనకు ఒక ముక్క, చంటిపిల్ల తల్లికి ఒక ముక్క, చివరికి టీసీకి కూడా ఒక ముక్క. "తీసుకోండ్రి. నా బిడ్డ ఇయ్యాల ప్యాసింజర్ బండి నడిపిస్తాంది. ఆరింటికి. కాజీపేటల." అందరూ "గట్లనా!" అని తిన్నారు. ఆరింటికి ఈయన ఇక్కడేం చేస్తున్నాడని ఎవరూ అడగలేదు. నాకూ ఒక ముక్క ఇచ్చాడు. మింగలేకపోయాను.

తిరుగు బండిలో తలుపు దగ్గర ఇరుకులో నిలబడి వచ్చాడు. భయం పది. వైద్యం నూటికి తొంభై ఫలించింది, రోగి బతుకులో కావలసిన ఒక్క ప్రయాణం తప్ప. ఇల్లు చేరాను. తాళం వేసే ఉంది.

బుధవారం మేడం దగ్గరికి వెళ్లి, "నేను దుర్మార్గుణ్ణి" అని గడిలో రాసి, భయం గడిలో కూడా సిగ్గునే నింపి ఇచ్చాను. అంతా విని ఆమె కాగితం చేతిలోకి తీసుకుంది.

"శనివారం ఆయన భయం ఎంత ఉండె?"

"యాభై మేడం."

"ఎక్కుతా అన్నడా?"

"అన్నడు మేడం."

"మరింకేం కావాలె? భయం పోయినంక రైలెక్కుడు కాదు వీరేశం గారూ, భయంతోటే ఎక్కుడు. ఆయన పాసైండు. మీరు చేతిలకెళ్లి పేపర్ గుంజుకున్నరు." కాగితం మడిచి నాకే ఇచ్చింది. "నేను దుర్మార్గుణ్ణి అనేది ఆలోచన. తప్పు చేసిన అనేది నిజం. నిజానికి గళ్లు అవసరం లేదు. పోయి చెప్పుడే."

పోయాను. మౌనిక గుమ్మంలో డ్యూటీ బ్యాగు సర్దుకుంటోంది. కొమురయ్య లోపల తలవంచుకుని కూర్చున్నాడు. తండ్రీకూతుళ్లు మాట్లాడుకోవడం లేదని ఇంటి గాలే చెబుతోంది. నిలబడే మొత్తం చెప్పాను. వంతెన, బెంచీ, యాభై, ముప్పై, చాయ్ అమ్మేవాడు, చెప్పు, ఫోను. ఫోను దగ్గర నేను నోరు తెరవలేదని కూడా చెప్పాను.

మౌనిక బ్యాగు కింద పెట్టింది. "పెద్దనాయినా, బండి కదిలేముందు ఇంజన్లకెళ్లి ప్లాట్‌ఫారం మొత్తం చూసిన. నీలం అంగీ యాడ లేదు. భయపడి ఇంటికి పోయిండనుకున్న. నా కోసం గంత కూడ చెయ్యకపాయె అని మూడొద్దుల సంది నాయినతోటి మాట్లాడ్తలేను." గొంతు తగ్గించింది. "ఆయన ఒక్క మాటన్న చెప్పలే."

లోపలినుంచి సరోజన కేకేసింది. "లెక్కలు రానోళ్లు మస్తు సుఖంగ బతుకుతాండ్రు సారూ!" పాతికేళ్లుగా నన్ను అన్నా అని పిలిచే మనిషి ఆ రోజు సారూ అంది. ఇవాళ్టికీ అదే పిలుపు.

తర్వాత కొమురయ్య బిడ్డ బండి ఎక్కాడు. ఎన్నోసార్లు ఎక్కాడు. సరోజన కొత్త దండ తెచ్చింది. నేను దూరంగా నిలబడి చూశాను. దిగాక అడిగాను, "ఎట్లుందిరా?"

"మంచిగుంది," అన్నాడు. తువ్వాల సర్దుకుంటూ, "భయం లేకపాయె గదన్నా. ఆ పొద్దు ఎక్కితే బిడ్డకోసం ఎక్కినట్టుండేది. ఇప్పుడు ఉత్తగ వరంగల్ పోయినట్టే ఉంది."

కాబట్టి మిర్చి ఘాటు సాక్షిగా, మా మార్కెట్ కాంటా సాక్షిగా, ఒంటరిగా మిగిలిన నా కుడికాలి చెప్పు సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరి భయానికీ శాతం వేయను. యాభైతో బయలుదేరే మనిషిని ముప్పై కోసం ఆపను. బండి కదులుతోందని ఎవరైనా అంటే రుజువు అడగను, ముందు దిగుతాను.

మొన్న చాయ్ దుకాణంలో కొమురయ్య పక్కన కూర్చున్నప్పుడు, అడగకూడదనుకుంటూనే అడిగాను. "నా మీద నమ్మకం నూరుండె గదరా. ఇప్పుడెంత?"

ఆయన చాయ్ గ్లాసు పక్కన పెట్టి, భుజం మీది తువ్వాల తీసి మా చేతుల మీద కప్పాడు. చేయంతా ఒకసారి పట్టుకున్నాడు. వదిలాడు. తర్వాత ఒక వేలు పట్టుకున్నాడు. ఇంకో వేలు కోసం ఎదురుచూశాను. తువ్వాల తీసేశాడు.

బాకీ: నలభై.